శరణార్థుల మనసు మీద పరిశోధన: మన జిల్లాలో చేయాలంటే ముందుగా ఏం అడగాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు శ్రీకాకుళంలో ఎం.ఏ. సైకాలజీ చదువుతున్నారు. అరవైల్లో బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాల మీద, వంశధార రిజర్వాయరు కింద ఊళ్ళు పోయి హిరమండలం చుట్టుపక్కల కాలనీల్లో ఉంటున్నవాళ్ళ మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నారు. శరణార్థుల్లో ప్రతి ముగ్గురిలో ఒకరికి పీటీఎస్‌డీ (ఘోరమైన అనుభవం తర్వాత దాని జ్ఞాపకాలూ భయమూ వదలకుండా వేధించే మానసిక రుగ్మత) ఉంటుందని ఎక్కడో చదివారు. వాళ్ళకి వాడిన ప్రశ్నాపత్రాన్నే తెలుగు చేసి ఇక్కడ అడగవచ్చా, జరిగిందంతా చెప్పించుకుంటే వాళ్ళ గుండె బరువు తగ్గుతుందా, పెద్దల బాధ మనవల దాకా దిగుతుందా అని అడిగారు.

నేను ఈ జిల్లాలోనే చాలా ఏళ్ళుగా కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. తుఫాను శిబిరాల్లో కూర్చున్నాను, నిర్వాసితుల ఇళ్ళకి వెళ్ళాను. విషయం నాకు దగ్గరది కాబట్టి పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. శరణార్థుల మీద నలభై ఏళ్ళుగా జరిగిన పరిశోధనలో మనకి బాగా పనికొచ్చే సంగతి ఒకటుంది. పారిపోతున్నప్పుడు ఏం జరిగిందన్నది ఎంత ముఖ్యమో, వచ్చి పడ్డచోట ఎలా బతకాల్సి వచ్చిందన్నదీ మనసుకి అంతే ముఖ్యం. కొన్నిచోట్ల ఇదే ఎక్కువ ముఖ్యం. మీ ప్రాజెక్టుని దీని చుట్టూ కట్టుకోండి. పీటీఎస్‌డీ ఎంత శాతం అన్నదాని చుట్టూ కట్టుకోవద్దు.

ఆ 'ముగ్గురిలో ఒకరు' లెక్క ఎక్కడిదో చూద్దాం. 2009లో స్టీల్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు జామా అనే వైద్య పత్రికలో ఒక పెద్ద సమీక్ష వేశారు. 40 దేశాలకి చెందిన, యుద్ధాలూ అల్లర్లూ చూసిన 81,866 మంది మీద జరిగిన 181 సర్వేలని ఒకచోట కలిపి లెక్కగట్టారు. సగటున పీటీఎస్‌డీ 30.6 శాతం, డిప్రెషన్ 30.8 శాతం తేలింది. మీరు చదివింది ఇదే అయ్యుంటుంది. కానీ అదే వ్యాసంలో ఒక్కొక్క సర్వేలో వచ్చిన అంకె సున్నా నుంచి 99 శాతం దాకా ఉంది. అంత తేడా ఉన్నవాటికి సగటు తీస్తే వచ్చే అంకె హిరమండలం కాలనీ గురించి మనకేం చెబుతుంది? దానికి నాలుగేళ్ళ ముందు, 2005లో, ఫాజెల్ బృందం లాన్సెట్ అనే మరో వైద్య పత్రికలో ఇంకో లెక్క ఇచ్చింది. పాశ్చాత్య దేశాల్లో స్థిరపడిన దాదాపు ఏడు వేల మంది శరణార్థుల్లో పీటీఎస్‌డీ 9 శాతం, డిప్రెషన్ 5 శాతం. అక్కడి మామూలు జనంతో పోలిస్తే ఆ 9 శాతమే దాదాపు పదింతలు. అయినా 30కీ 9కీ మధ్య దూరం చూడండి.

ఈ తేడా ఎందుకొచ్చిందో మీకు తెలియాలి, ఎందుకంటే రేపు మీ ప్రాజెక్టుకీ ఇదే జరుగుతుంది. తక్కువ మందిని, అందుబాటులో ఉన్నవాళ్ళనే ఎంచుకుని, కాగితం మీద టిక్కులు పెట్టించే సర్వేల్లో అంకె పెరుగుతుంది. ఎక్కువ మందిని పద్ధతి ప్రకారం ఎంచుకుని, శిక్షణ ఉన్నవాళ్ళు కూర్చుని ఒక్కొక్కరితో మాట్లాడితే తగ్గుతుంది. మీ దగ్గరున్నది ఒక సెమిస్టరు, ఒక ప్రశ్నాపత్రం. అందుకని మీకు వచ్చే అంకె ఎక్కువగానే వస్తుందని ఇప్పుడే రాసిపెట్టుకోండి. దాన్ని 'మా జిల్లాలో ఇంత శాతం మందికి పీటీఎస్‌డీ' అని పైకి చెప్పకండి. పేపరువాళ్ళ చేతిలో పడితే ఆ కాలనీ పేరు పక్కన ఆ ముద్ర ఉండిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. 2005లోనే పోర్టర్, హాస్లామ్ అనే ఇద్దరు, ఇల్లు వదిలి వెళ్ళినవాళ్ళనీ వెళ్ళనివాళ్ళనీ పోల్చిన అధ్యయనాలన్నీ పోగుచేసి చూశారు. సొంత ఇల్లంటూ లేక శిబిరాల్లాంటి చోట్ల ఉన్నవాళ్ళు, పని చేసుకునే వీలు లేనివాళ్ళు, తామెందుకు పారిపోవాల్సి వచ్చిందో ఆ గొడవ ఇంకా తెగనివాళ్ళు ఎక్కువ బాధలో ఉన్నారు. ఇంకో రెండు సంగతులు మీ ప్రాజెక్టుకి సూటిగా తగులుతాయి. సరిహద్దు దాటినవాళ్ళకంటే సొంత దేశంలోనే చెదిరిపోయినవాళ్ళ పరిస్థితి అధ్వానంగా ఉంది. వయసు మళ్ళినవాళ్ళు, అంతకుముందు బాగా బతికినవాళ్ళు, పల్లెల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ దెబ్బతిన్నారు. భూమీ తోటా ఉన్న రైతు కాలనీలో రెండు గదుల ఇంటి ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం మీరు చూసే ఉంటారు. ఆ పెద్దాయన్ని ఆ వరసలో పెట్టి ఆలోచించండి.

నెదర్లాండ్స్‌లో ఆశ్రయం కోరి వచ్చిన ఇరాకీల మీద లాబన్ బృందం చేసిన అధ్యయనాన్ని నేను ఎవరికైనా మొదట చదవమని ఇస్తాను. 2004లో వచ్చింది. దేశంలో అడుగుపెట్టి ఆరు నెలలు కూడా కానివాళ్ళలో 42 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. రెండేళ్ళు దాటి ఇంకా కాగితాల కోసం ఎదురుచూస్తున్నవాళ్ళలో అది 66 శాతం. యుద్ధం ఇద్దరూ చూసినదే. కాలం గడిస్తే గాయం మానాలి కదా, ఇక్కడ పెరిగింది. ఎదురుచూపే మనిషిని తినేసింది. ఆస్ట్రేలియాలో మాండియన్ అనే చిన్న మతానికి చెందిన శరణార్థుల మీద 2006లో వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కనబడింది. తాత్కాలిక వీసా ఉన్నవాళ్ళు శాశ్వత వీసా ఉన్నవాళ్ళకంటే చాలా ఎక్కువ బాధలో ఉన్నారు. వాళ్ళు పారిపోయి వచ్చింది ఒకే చోటి నుంచి, చేతిలో ఉన్న కాగితం మాత్రం వేరు.

ఇది చదివాక పట్టా కోసం, పునరావాస ప్యాకేజీ కోసం ఆఫీసుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగేవాళ్ళు మీకు గుర్తుకు రాకుండా ఉండరు. నిర్వాసితులూ శరణార్థులూ ఒకటేనని నేను అనడం లేదు. తరిమి చంపుతారన్న భయం వేరు, ఊరు మునిగిపోవడం వేరు. కానీ రేపేమవుతుందో తెలియకుండా ఏళ్ళు గడపడం ఇద్దరికీ ఉంది. పరిశోధన పదేపదే వేలు పెట్టి చూపించేది సరిగ్గా దాన్నే.

నా అనుభవంలోనూ ఇదే చూశాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, కొబ్బరి తోటలుండే మన ఉద్దానం ప్రాంతాన్ని ఊడ్చేసింది. తర్వాత ఆ ఊళ్ళలో కూర్చుని మాట్లాడినప్పుడు, జనం ఆ రాత్రి గాలి గురించి రెండు మాటలు చెప్పి, పడిపోయిన కొబ్బరి చెట్ల గురించి గంటసేపు చెప్పేవారు. మొక్క నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్ళు. అప్పటిదాకా ఏం తినాలి, పెళ్ళికి చేసిన అప్పు ఎలా తీర్చాలి, ఏ కొడుకుని ఏ ఊరు వలస పంపాలి అన్న ఆలోచనలతోనే వాళ్ళకి నిద్ర పట్టేది కాదు. కొందరికి మాత్రం గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, ఒళ్ళంతా చెమట పట్టి, పిల్లల్ని ఎత్తుకుని బయటికి పరిగెత్తేవారు. వాళ్ళకి చికిత్స కావాల్సి వచ్చింది. వాళ్ళు కొద్దిమందే. ఈ రెండు రకాలవాళ్ళనీ ఒకే ప్రశ్నాపత్రంతో కొలిస్తే ఇద్దరికీ 'నిద్ర లేదు' దగ్గర టిక్కు పడుతుంది. మొదటివాళ్ళకి కావాల్సింది అప్పు గడువు, రెండోవాళ్ళకి కావాల్సింది డాక్టరు.

బర్మా కుటుంబాల సంగతి వేరుగా చెప్పాలి, చరిత్ర కొంచెం తెలియకపోతే ప్రశ్నలు తప్పుగా పడతాయి. మన తీరం నుంచి రంగూన్‌కి వలస పోవడం వందేళ్ళ పైబడిన కథ. రంగూన్ రేవులో మూటలు మోసింది చాలావరకు మనవాళ్ళే. 1930 మే నెలలో అక్కడ జరిగిన అల్లర్లు తెలుగు రేవు కూలీలకీ బర్మా కూలీలకీ మధ్య పని దగ్గరే మొదలయ్యాయి. 1941 డిసెంబరు 23న జపాన్ బాంబులు పడ్డాయి. 1942లో లక్షల మంది భారతీయులు అడవుల గుండా, కొండల మీదుగా నడిచి వచ్చారు, దారిలో కలరాకీ మలేరియాకీ ఆకలికీ వేలమంది పోయారు. మన పెద్దలు కాందిశీకులు అనేది వాళ్ళనే. తర్వాత కొందరు మళ్ళీ వెళ్ళారు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. రెండేళ్ళలో దుకాణాలు జాతీయం చేశారు, పెద్ద నోట్లు రద్దు చేశారు, మళ్ళీ ఓడలెక్కాల్సి వచ్చింది. విశాఖ కంచరపాలెంలో ఉన్న బర్మా క్యాంపు పేరు అప్పటి గుర్తే.

అంటే మీరు మాట్లాడబోయే మనిషి 1964లో పదేళ్ళ పిల్ల అయితే ఇప్పుడు డెబ్బై దాటింది. అరవై ఏళ్ళ కిందటి సంగతి అడగబోతున్నారు. పెద్ద వయసులో పాత జ్ఞాపకాలు తిరగబెట్టడం గురించి రెండో ప్రపంచ యుద్ధం చూసినవాళ్ళ మీద చాలా పరిశోధన జరిగింది. ఉద్యోగం, పిల్లల పెంపకం ఉన్నన్నాళ్ళూ అణిగి ఉన్నవి, భర్తో భార్యో పోయాక, ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు పైకి వస్తాయి. కాబట్టి ఓడ గురించి అడిగేముందు, ఇంట్లో ఇప్పుడు ఎవరున్నారో అడగండి. పింఛను వస్తోందా, ఎవరు వండి పెడుతున్నారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు? ఓడ కథ తనంతట తానే వస్తుంది. రాకపోతే బలవంతంగా రప్పించకండి.

జరిగిందంతా చెప్పించుకుంటే మేలేనా అన్న మీ రెండో ప్రశ్నకి సమాధానం ఇక్కడే మొదలవుతుంది. పద్ధతి ప్రకారం, శిక్షణ ఉన్నవాళ్ళు, చాలా సార్లు కూర్చుని చెప్పిస్తే మేలు. ఒక మధ్యాహ్నం వెళ్ళి అడిగి వచ్చేస్తే మేలు లేదు, కొందరికి కీడు కూడా. విపత్తు జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి ఒక్క పూటలో అంతా కక్కించే పద్ధతి ఒకప్పుడు బాగా నడిచింది. దానివల్ల పీటీఎస్‌డీ తగ్గదని పరీక్షల్లో తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వద్దంది. 2011లో వాళ్ళు విడుదల చేసిన ప్రాథమిక మానసిక సహాయం మార్గదర్శిలో ఎవరినీ బలవంతంగా చెప్పించవద్దనే ఉంది. మనిషి అవసరం ఏమిటో చూడాలి, చెప్పినంత వినాలి, సాయం దొరికే చోటికి కలపాలి. అంతే.

పద్ధతి ప్రకారం చెప్పించడం ఎలా ఉంటుందో తెలియాలంటే నోయినర్, షావర్, ఎల్బర్ట్ అనే జర్మన్ పరిశోధకులు రూపొందించిన నెరేటివ్ ఎక్స్‌పోజర్ థెరపీ గురించి చదవండి. నేలమీద ఒక తాడు పరుస్తారు, అది ఆ మనిషి పుట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా బతుకు. మంచి సంఘటనలకి పూలు, చెడ్డవాటికి రాళ్ళు వరసగా పెట్టిస్తారు. తర్వాత కొన్ని వారాలపాటు పుట్టుక నుంచి మొదలుపెట్టి కథంతా చెప్పిస్తారు. రాయి దగ్గరికి వచ్చినప్పుడు నెమ్మదిగా, అప్పుడేం చూశారు, ఒంట్లో ఏమనిపించింది, ఏమనుకున్నారు అని అడుగుతూ, ఆ సంఘటన పూర్తిగా అయ్యేదాకా ఆగుతారు. మధ్యలో వదలరు. భయంకరమైన జ్ఞాపకానికి తేదీ ఉండదు, ఊరు ఉండదు, అది ఇప్పుడే జరుగుతున్నట్టు వచ్చి మీద పడుతుంది. ఈ పద్ధతి దానికి కాలం, చోటు కట్టిపెడుతుంది. 2004లో వచ్చిన అధ్యయనంలో ఉగాండాలోని సూడాన్ శరణార్థుల మీద దీన్ని పరీక్షించారు. ఏడాది తర్వాత చూస్తే ఈ చికిత్స తీసుకున్నవాళ్ళలో 29 శాతం మందికే పీటీఎస్‌డీ మిగిలింది. మామూలు ఓదార్పు కౌన్సెలింగ్ అందినవాళ్ళలో దాదాపు 80 శాతం మందికి మిగిలింది. సంఖ్య చిన్నదే, 43 మంది. కానీ 2008లో వచ్చిన అధ్యయనంలో, ఉగాండాలోనే ఉన్న నకివాలే శిబిరంలో 277 మందితో మళ్ళీ చేసినప్పుడు చికిత్స ఇచ్చింది డాక్టర్లు కాదు, ఆ శిబిరంలోనే ఉంటూ శిక్షణ పొందిన శరణార్థులు. అయినా బాగా పనిచేసింది. ఇది నాకు చాలా ఆశ కలిగించిన ఫలితం. సైకియాట్రిస్టులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంతమందే ఉన్న మన జిల్లాల్లో ఆశా కార్యకర్తలకి, పొదుపు సంఘాల్లో చురుగ్గా ఉండే ఆడవాళ్ళకి ఇలాంటి శిక్షణ ఎందుకు ఇవ్వకూడదు అన్నది ఇంకో ప్రాజెక్టు అవుతుంది. అంత కష్టమైన చికిత్సే అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రాబ్లమ్ మేనేజ్‌మెంట్ ప్లస్ అనే ఐదు వారాల పద్ధతిని పాకిస్తాన్‌లోని పెషావర్‌లో మామూలు ఆరోగ్య కార్యకర్తలే నడిపి మంచి ఫలితం చూపించారు.

మీరు మాత్రం చికిత్స చేసేవారు కాదు, విద్యార్థి. ఈ గీత దాటకండి.

ప్రశ్నాపత్రం తెలుగు చేయడం గురించి ఎక్కువ చెప్పను. హార్వర్డ్ ట్రామా ప్రశ్నాపత్రాన్ని మొలికా బృందం 1992లో ఇండోచైనా శరణార్థుల కోసం తయారుచేసింది. దాన్ని తీసుకున్నప్రతిచోటా అక్కడి జనం చెప్పుకునే లక్షణాలు చేర్చుకోవాలని వాళ్ళే చెప్పారు. మనవాళ్ళు మా దగ్గరికి తలనొప్పి, గుండె దడ, కాళ్ళు పీకుడు, ఆకలి లేకపోవడం అని వస్తారు. ముందు పదిమందితో ఊరికే మాట్లాడి వాళ్ళు ఏమంటున్నారో రాసుకోండి, తర్వాత ప్రశ్నలు కూర్చండి. డిప్రెషన్ కోసం పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం వాడితే సరిపోతుంది, తెలుగులో ఉంది. కానీ దాని తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగుతుంది. అవునని ఎవరైనా అంటే ఆ క్షణంలో మీరేం చేస్తారో ముందే గైడుతో కూర్చుని రాసుకోవాలి. అది రాసుకోకుండా ఆ ప్రశ్న ఒక్కరిని కూడా అడగకండి. ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోను టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. శ్రీకాకుళం ప్రభుత్వాసుపత్రిలో మానసిక విభాగం ఉంది. నెంబరు చేతిలో పెట్టి వచ్చేయడం కాకుండా, అవసరమైతే బస్సెక్కి వాళ్ళతో ఓపీ దాకా వెళ్ళగలిగే మనిషి ఒకరు మీ జట్టులో ఉండాలి.

ఇంకో మాట. నిజమైన శరణార్థులు మనకి దూరంగా ఎక్కడో లేరు. పాతపట్నం దాటి పర్లాకిమిడి మీదుగా వెళ్తే గజపతి జిల్లాలో చంద్రగిరి వస్తుంది. అక్కడ టిబెటన్లు 1963 నుంచి ఉంటున్నారు. మనవాళ్ళు జిరంగ బౌద్ధ ఆరామానికి పిక్నిక్‌కి వెళ్ళి ఫొటోలు దిగి వస్తారు కానీ వాళ్ళెందుకు అక్కడున్నారో అడిగేవాళ్ళు తక్కువ. ధర్మశాలకి కొత్తగా వచ్చిన 769 మంది టిబెటన్ల మీద 2008లో ఒక అధ్యయనం వచ్చింది. చాలామంది ఘోరాలు చూసినవాళ్ళే, అయినా మానసిక బాధ స్థాయి అనుకున్నదానికంటే చాలా తక్కువగా ఉంది. ప్రార్థన, ధర్మం మీద నమ్మకం వాళ్ళని నిలబెట్టాయని పరిశోధకులు రాశారు. అలాగని టిబెటన్లకి బాధ తగలదని అనుకోవద్దు. చిత్రహింసలు పడ్డ 35 మందిని, పడని 35 మందితో పోల్చిన 1998 అధ్యయనంలో చిత్రహింసలు పడ్డవాళ్ళలో ఆందోళన స్పష్టంగా ఎక్కువగా కనబడింది. మీ ప్రశ్నల్లో 'ఏం మిమ్మల్ని నిలబెట్టింది' అన్నది తప్పకుండా ఉండాలి. మన ఊళ్ళలో దానికి గ్రామదేవత పండగ అనో, భజన అనో, మనవడి చదువు అనో, అక్కచెల్లెళ్ళు అనో జవాబు వస్తుంది. కాలనీకి మారాక పాత ఊరి అమ్మవారి గుడి ఏమైందో అడిగి చూడండి. ఎంతసేపు మాట్లాడతారో మీకే తెలుస్తుంది.

మనవల దాకా దిగుతుందా అన్న ప్రశ్నకి జవాబు చిన్నది. జన్యువుల మీద గుర్తులు పడతాయన్న వార్తలు మీరు చూసి ఉంటారు. అవి కొద్దిమంది మీద చేసిన అధ్యయనాలు, వాటి మీద ఇల్లు కట్టకండి. యూదుల మారణహోమం నుంచి బతికి బయటపడ్డవాళ్ళ పిల్లల మీద జరిగిన అధ్యయనాలు కలిపి 2003లో వాన్ ఐజెండోర్న్ బృందం సమీక్షించింది, అందులో నాలుగు వేల పైచిలుకు మంది ఉన్నారు. చికిత్స కోసం వచ్చినవాళ్ళని పక్కనపెట్టి మామూలు జనం నుంచి ఎంచుకున్నవాళ్ళని చూస్తే, ఆ గాయం పిల్లలకి దిగినట్టు ఆధారం కనబడలేదు. ఇంట్లో పెద్దాయన కోపం, మాట్లాడకపోవడం, డబ్బు విషయంలో విపరీతమైన భయం పిల్లల మీద పనిచేస్తాయి, అది వేరే సంగతి. దాన్ని అడగండి, కానీ ఈ ఒక్క ప్రాజెక్టులో మూడు తరాలని కలపవద్దు. రెండు సముదాయాలు కూడా ఎక్కువే. నన్నడిగితే ఒకటే ఎంచుకోండి, హిరమండలం కాలనీలు తీసుకోండి. అక్కడ పరిస్థితి ఇప్పటిది, మీరు రాసినదానివల్ల ఏదైనా మారడానికి ఇంకా వీలుంది. బర్మా పెద్దలవి తర్వాత ఓపిగ్గా జీవిత కథలుగా రాయండి. వయసు రీత్యా అది కూడా మరీ ఆలస్యం చేయకూడదు.

పరిశోధనకి మీ యూనివర్సిటీ నైతిక కమిటీ అనుమతి ముందే తీసుకోండి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధనా మండలి) 2017 మార్గదర్శకాలు నిర్వాసితుల్లాంటి బలహీన స్థితిలో ఉన్నవాళ్ళ గురించి ప్రత్యేకంగా మాట్లాడతాయి, ఆ భాగం చదవండి. మీరు వస్తే ప్యాకేజీ వస్తుందని కొందరు ఆశపడతారు. మీ చేతిలో ఏమీ లేదని మొదటి మాటగా, సంతకం కంటే ముందు, నోటితో చెప్పండి. ఆఫీసువాళ్ళనో పార్టీవాళ్ళనో వెంటబెట్టుకుని వెళ్ళకండి. మగవాళ్ళు అరుగు మీద కూర్చుని ఊరందరి తరఫునా చెప్పేస్తారు, ఆడవాళ్ళని విడిగా, మరో ఆడమనిషే అడగాలి. ఉభాల (వరినాట్ల) రోజుల్లో మాత్రం వెళ్ళకండి. కూలికి పోయే మనిషిని గంట ఆపితే ఆ పూట కూలి పోతుంది. సంక్రాంతి దాటాక, వలస పోయినవాళ్ళు ఇంకా ఊళ్ళో ఉన్న వారం పది రోజుల్లో వెళ్తే ఇంటిల్లిపాదీ దొరుకుతారు.